లూప్ లైన్‌లో అప్‌డేట్

మా ఇంట్లో కంప్యూటర్ వాడాలంటే చేతిలో అప్పడాల కర్ర ఉండాలి. నవ్వించడానికి చెబుతున్న మాట కాదిది. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో, రాయ్‌పూర్‌లో, రైల్వే కాలనీ పక్క వీధిలోని మా ఇంట్లో కొన్నాళ్ళు అక్షరాలా అమలైన నిబంధన. పెట్టినవాడు మా నాన్న. స్టేషన్ మాస్టరుగా రిటైరై, ఇంట్లో తన మాట ఎవరూ వినడం లేదని గోడలకు చెప్పుకుంటున్న రోజులవి.

అసలు తప్పు కంప్యూటర్‌దే. నేను బీకాం పూర్తిచేసి, అకౌంట్స్ పని నేర్చుకుని, ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. చివరికి ఒక కంపెనీ వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. సగం ప్రశ్నలు అయ్యాయో లేదో తెర నీలంగా మారిపోయింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆఫ్ చేయవద్దు అని రాసి, కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. నేను ఏడుస్తున్నాను, అవి తిరుగుతున్నాయి. మళ్ళీ తెర వచ్చేసరికి అవతల ఎవరూ లేరు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

ఆ సాయంత్రం నాన్న కంప్యూటర్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని దాన్ని విచారించాడు.

“ఎవర్నడిగి వచ్చీసింది ఇది?”

“అప్‌డేట్ నాన్నా. దానంతట అదే వస్తుంది.”

“లైన్ క్లియర్ ఇవ్వకుండా బండి ఎలా వస్తాదమ్మా? అడిగేవోడు లేక వచ్చీసింది. ఇకనుంచి నేను చూసుకుంటాను.”

అన్నట్టే చూసుకున్నాడు. సెట్టింగుల్లోకి దూరి నాకు తెలియనివన్నీ నేర్చుకున్నాడు. మన పనివేళలు ఇవీ అని ఒకచోట నింపితే, ఆ గంటల్లో అది తనంతట తాను రీస్టార్ట్ అవదు. కొత్త అప్‌డేట్లను కొన్ని వారాలపాటు ఆపి ఉంచవచ్చు. గడువు తీరాక మాత్రం ఒకసారి దారి ఇవ్వక తప్పదు. ఇందులో నాన్నకు వింతేమీ కనిపించలేదు. అప్‌డేట్ అంటే గూడ్సు బండి, నా ఇంటర్వ్యూ అంటే మెయిలు రైలు. మెయిలు వెళ్ళేదాకా గూడ్సును లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద, నిలబెట్టాలి. పొద్దున్నే కాఫీ తాగుతూ, “రాత్రి ఒక గూడ్సు వచ్చింది. లూపులో పెట్టీసాను” అనేవాడు.

“బొగ్గా, సిమెంటా?” అనేది అమ్మ.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు అమ్మ ఏదో వంట వీడియో చూస్తూ తెలియక ఒక మీట నొక్కింది. లూపులో ఉన్న గూడ్సు కాస్తా బయల్దేరిపోయింది. దాంతో నాన్న టోకెన్ పద్ధతి తెచ్చాడు. రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉన్న సెక్షన్‌లో, పాత రోజుల్లో, డ్రైవరు చేతికి టోకెన్ అందితేనే బండి కదలాలి. చేతికిచ్చే టోకెన్ ఒక్కటే కాబట్టి రెండు బండ్లు ఎదురుపడే ప్రసక్తి లేదు. మా ఇంట్లో ఆ టోకెన్ అప్పడాల కర్ర. ఇంట్లో అది ఒక్కటే ఉంది, పైగా ఎక్కడ పడేసినా కనిపిస్తుంది అని ఆయన వాదన. అది చేతిలో లేనివాళ్ళు మౌసు ముట్టుకోకూడదు. తనైనా సరే.

“మరి నేను చపాతీలు ఎలా ఒత్తాలండీ?” అంది అమ్మ.

“సెక్షన్ ఖాళీ అయ్యాక ఒత్తు.”

నేను లెక్కల షీట్లు సాధన చేస్తూ కర్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, వంటింట్లో పిండి ఎండిపోయేది. రాత్రిళ్ళు అన్నమే తిన్నాం. ఓపిక నశించి అమ్మ బజారుకు వెళ్ళి మరో కర్ర కొనుక్కొచ్చింది. అది చూసి నాన్న మొహం పాలిపోయింది.

“అరే, ఒక సెక్షన్‌కి రెండు టోకెన్లా! ఏటనుకుంటున్నావు నువ్వు? బండ్లు గుద్దుకుంటాయి!”

కొత్త కర్రను బీరువాలో పెట్టి తాళం వేశాడు. అమ్మ అప్పటినుంచి స్టీలు గ్లాసుతో ఒత్తింది. ఆ చపాతీలను గుండ్రంగా ఉన్నాయనడానికి నాన్నకు కూడా నోరు రాలేదు.

అలాంటి రోజుల్లో ఊరి బయట సిల్తారాలోని ఒక స్టీలు ఫ్యాక్టరీ నుంచి వీడియో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. లెక్కల షీటు తెర మీద చూపిస్తూ మాట్లాడాలి కాబట్టి ఫోను పనికిరాదు. ఇది కూడా పోతే ఇంకెవరూ పిలవరని, వీధిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఇక్కడే ఉండిపోతానని నాకు గట్టి భయం పట్టుకుంది. అప్‌డేట్‌ను ఆపి ఉంచే గడువు కూడా సరిగ్గా ఆ రోజుకే తీరుతోంది. నాన్న కంగారు పడలేదు. దానికీ ఒక వేళ కేటాయించాడు.

“మూడింటికి మెయిలు. ఐదున్నరకి గూడ్సు. టెన్షన్ మత్ లో.”

మూడయింది. ఎవరూ రాలేదు. సార్ మీటింగులో ఉన్నారు, వేచి ఉండండి అని ఒక సందేశం మాత్రం వచ్చింది. నేను షీట్లు తిరగేస్తూ గూడ్సు సంగతే మరిచిపోయాను. నాన్న వరండాలో కుర్చీలో కునుకు తీశాడు. జన్మంతా లేటు బండ్ల మధ్య గడిపిన మనిషి, ప్రైవేటువాళ్ళు లేటుగా వస్తారని మాత్రం ఊహించలేదు.

వాళ్ళు తెర మీదికి వచ్చేసరికి ఐదు దాటింది. ఇద్దరు పెద్దమనుషులు. నేను షీటు చూపిస్తూ చక్కగానే జవాబులు చెబుతున్నాను. ఇంతలో తెర మూల ఒక డబ్బా ప్రత్యక్షమైంది. మరికాసేపట్లో రీస్టార్ట్ అవుతుందట. మౌసు నా చేతిలోనే ఉంది గానీ, ఆ వ్యవహారమంతా నాన్నకే వదిలేసిన నాకు ఏది నొక్కాలో తెలియదు. తప్పు నొక్కితే అప్పుడే బయల్దేరిపోతుందేమో.

నాన్న లేచినట్టున్నాడు, పరుగున వచ్చాడు. వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చెయ్యి చాపి, “టోకెన్! టోకెన్!” అని గుసగుసగా అరిచాడు. నేను తెర మీంచి చూపు తిప్పకుండానే ఒళ్ళో కర్రను పైకెత్తాను.

పెద్దమనుషుల్లో ఒకాయన కొంచెం వెనక్కి జరిగాడు. “మేడమ్, సబ్ ఠీక్ హై నా?”

“జీ సర్,” అని కర్ర దించేశాను.

నాన్న గోడ గడియారం చూశాడు. నన్ను చూశాడు. తర్వాత చేతిలో ఏమీ లేకుండానే గుమ్మం దాటి లోపలికొచ్చాడు. లుంగీ, బనీను. కెమెరాకు నమస్కారం పెట్టి, “సాబ్, దో మినట్” అన్నాడు. నా చేతిలోంచి మౌసు తీసుకుని, ఆ డబ్బా తెరిచి, వేళ మార్చి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

“యే కౌన్ థే?”

“మేరే పాపా, సర్.”

“అచ్ఛా. చలియే, ఆగే బతాయియే.”

ఇంటర్వ్యూ నిరాటంకంగా పూర్తయింది. నేను గంతులేస్తూ వరండాలోకి వెళ్ళేసరికి నాన్న మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

“బాగా అయిందా అమ్మా?”

“బాగా అయింది నాన్నా.”

“డ్యూటీలో నిద్రపోయాను. టోకెన్ లేకుండా సెక్షన్లోకి వెళ్ళాను. సర్వీసంతటిలో ఒక్కసారైనా చేశానా ఇలాగ?”

“అది కంప్యూటరే కదా నాన్నా!”

“రూలు రూలే. తప్పు చేసినోణ్ణి డ్యూటీలోంచి తీసీయాలి. మీ అమ్మకి ఛార్జి ఇచ్చీసాను.”

అమ్మ మొదట వేళాకోళం అనుకుంది. కాదని తెలిశాక బాధ్యత తీసుకుంది. ఆమె పద్ధతి తేలిక. వచ్చేది రానీ అంటుంది.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది, చేరమని. నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, బజారుకు వెళ్ళి మిఠాయి తెచ్చాడు. వీధంతా పంచాడు. అమ్మ ఆ సంబరంలో ఉండగానే కంప్యూటర్ తెర నీలంగా మారి, చుక్కలు తిరగడం మొదలైంది. నాన్న గది బయటే నిలబడి చూస్తున్నాడు.

“రా నాన్నా, నువ్వే చూడు” అన్నాను.

“నా డ్యూటీ కాదమ్మా” అని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఉద్యోగం నాకు వచ్చింది. మా నాన్న మాత్రం నా కోసం రెండోసారి రిటైరయ్యాడు.