తేలు లేని మూల

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా నేను మా ఇంటి గోడకు భయపడుతూ బతికాను. ఊళ్లో మిగతా పిల్లలు దయ్యాలకు భయపడేవాళ్లు, పంతులు బెత్తానికి భయపడేవాళ్లు. నాకు అవేవీ పట్టలేదు. వెనకింట్లో ఎడమచేతి మూల, నా నడుమెత్తున, ఒక మూరెడు గోడ ఉండేది. దాని లోపల ఏముందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మాది కోరుట్లకు నడిచిపోయేంత దగ్గరి పల్లె. మాకు గుంటెడు భూమి లేదు. బాపు బతుకుదెరువుకు బొంబాయి పోయాడు, అమ్మ కూలికి పోయేది. మా తాత మట్టిగోడలు పెట్టే మనిషి. ఇటు కోరుట్ల నుంచి అటు ధర్మపురి దాకా ఎందరి ఇళ్లకో గోడలు లేపాడు, తను మాత్రం ముసలితనం దాకా గుడిసెలోనే ఉన్నాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మాకు ఇంటి జాగా వచ్చింది. ఆ ఎండాకాలం తాత మొదటిసారి తనకోసం గోడ మొదలుపెట్టాడు.

మట్టిగోడ అంటే మట్టి కుప్పపోస్తే అయిపోతుందని ఇప్పటివాళ్లు అనుకుంటారు. చెరువు మట్టీ మొరమూ కలిపి, గుంతలో నీళ్లు పట్టి, మూడు దినాలు నానబెట్టాలి. గడ్డలన్నీ కరిగాక వరిగడ్డి ముక్కలు చల్లి కాళ్లతో తొక్కాలి. ఆ ముద్దలతో మూరెడు వెడల్పున ఒక వరుస పెట్టి, అది ఆరాకే దానిమీద ఇంకో వరుస. కొనాల్సిన సామానంటూ పెద్దగా ఏమీ లేదు, కావలసిందల్లా ఓపిక. నా దగ్గర లేనిది అదే.

రెండో వరుస పెట్టే రోజు నేనూ గోడ పెడతానని తాతను పట్టుకుని సతాయించాను. తాత నవ్వి ఆ వెనక మూల చూపించాడు. "గిది నీ గోడ బిడ్డా. మంచిగ పెట్టు" అన్నాడు. నేను సగం పెట్టానో లేదో, పక్కింటి అక్క కోరుట్ల అంగడికి బయల్దేరింది. పని అయిపోతే నన్నూ తీసుకుపోతానంది. నానిన మట్టి గుంత అవతలి కొసన ఉంది. మోసుకొచ్చి నింపేసరికి అక్క పోనేపోతుంది. నా పక్కనే కుప్పలో ఎండు గడ్డలున్నాయి. తాత అటు తిరిగి ఉన్నాడు. గంపెడు గడ్డలు ఎత్తి మూలలో పోసి, పైనా పక్కలా నానిన మట్టి మెత్తి, తడి చేత్తో నున్నగా రుద్దేశాను. తాత వచ్చి చూసి, తన మనవరాలికి తన చేతి పని అబ్బిందని మురిసిపోయాడు. నేను అంగట్లో మిర్చీలు తిని, ఎర్ర రిబ్బన్లు కొనిపించుకుని, ఆ సంగతే మర్చిపోయాను.

ఇల్లు లేచింది. పైన తాటికమ్మలు కప్పారు. అమ్మ గోడలకు ఎర్రమట్టి పూసింది. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉండేది, అమ్మ ఆ చల్లదనానికే సంబరపడేది. మృగశిర వానలు మొదలైన వారానికి వెనక వాడలో ఒకరి గోడ పట్టపగలు కూలింది. అది తాత పెట్టిన గోడ కాదు. తాత చూడ్డానికి పోతే నేనూ వెంట పోయాను. గోడ కింద వాళ్ల మేక పడి చచ్చింది. తాత ఒక పెళ్ల తీసి చేత్తో నలిపితే లోపలినుంచి పొడి రాలింది.

"నానకముందే పెట్టిన్రు. పైన నున్నగ జేసిన్రు, లోపట బలం లేదు. నీళ్లు తాకినంక గిట్లనే కూలుతది" అన్నాడు.

ఆ మాట నన్ను చూసి అన్నది కాదు. అయినా నా గంపెడు గడ్డలు గుర్తొచ్చాయి. మేక నాలుక బయటికి వచ్చి ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. మా ఇంట్లో ఆ మూలకు రెండడుగుల దూరంలో, దూలానికి, మా తమ్ముడి తొట్టెల కట్టి ఉంది. వాడికి అప్పటికి ఆరు నెలలు.

ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. తాత పెట్టిన గోడ ఒక్కటీ కూలలేదని ఊరంతా చెప్పుకునేవాళ్లు. తన సొంత ఇంటికి తన మనవరాలే ఆ పని చేసిందని ఆయన ముఖం మీద ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. దెబ్బలకూ భయపడ్డాను, అబద్ధమెందుకు. చెప్పే బదులు నాకు తోచిన ఉపాయాలు చేశాను. "అమ్మా, గా మూలకు తేలున్నది, నేను చూసిన" అన్నాను. అమ్మ గబగబా తొట్టెల విప్పి, దీపం పట్టుకుని, చీపురుతో మూలంతా వెతికింది. తేలు దొరకలేదు. దూలం అక్కడే ఉంది గనక తొట్టెల మళ్లీ అక్కడే కట్టింది.

ఆ తర్వాత గోడకూ తొట్టెలకూ మధ్య చాప వేసుకుని, వీపు గోడకు ఆనించి పడుకోవడం మొదలుపెట్టాను. గోడ పడితే నా వీపు ఆపుతుందనుకున్నాను. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని నాట్లకు వానలు కావాలని ప్రార్థించేవాళ్లు. నేనొక్కదాన్నీ వాన ఆపమని ప్రభువును బతిమాలేదాన్ని. అంతమంది ముందు నా మాట ఆయన వింటాడా అని అదొక దిగులు.

ముసురు పట్టింది. మూల దగ్గర వెంట్రుకంత బీట కనబడింది. మొదటి రోజు అందులో చీపురుపుల్ల గుచ్చి చూస్తే కొస మాత్రమే దూరింది. మర్నాడు సగం పుల్ల పోయింది. నాలుగో రోజు పొద్దున పుల్ల మొత్తం లోపలికి పోయి, ఇక బయటికి రాలేదు. అమ్మ నాట్లకు పోయింది. తాత అరుగు మీద తాడు పేనుతున్నాడు. ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"తాతా, గా మూలకు నేను నానని మట్టి పెట్టిన."

తాత చేతిలో తాడు ఆగింది. "ఎంత మేర?"

"మూరెడు. గంపెడు గడ్డలు పోసిన."

తాత పేనుతున్న తాడు పడేసి లేచాడు. లోపలికి పోయి, తొట్టెలలోంచి తమ్ముణ్ని తీసి నా చేతుల్లో పెట్టాడు. "పక్కింటికి పో. నేను పిలిచేదాక లోపటికి రావద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. కానీ తాత పని సగంలో పడేసి లేవడం నేనెప్పుడూ చూడలేదు. అన్ని రోజుల భయం ఒక ఎత్తు, అది చూసినప్పటి భయం ఒక ఎత్తు.

పక్కింటి చూరు కింద నిలబడి చూశాను. తాత దూలం కింద రెండు గుంజలు ఆనించి, వానలోనే బయటికి వచ్చి, వేలి కణుపులతో గోడ పొడవునా కొట్టుకుంటూ వచ్చాడు. నా మూల దగ్గర ఆగాడు. గడ్డపారతో పొడిస్తే, అన్ని వానల తర్వాత కూడా, లోపలినుంచి పొడి మట్టి బొలబొలా రాలింది. పై వరుసలోంచి పెద్ద పెళ్ల విరిగి ఆయన పాదం మీద పడింది. తాత కేక విని తమ్ముణ్ని గట్టిగా అదుముకున్నాను, వాడు ఏడుపందుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు ఉరికొచ్చారు. పొద్దుగూకేలోపు గోడలో పడ్డ ఆ బొందలో రాళ్లు పేర్చి, సందుల్లో మట్టి కూరి, బయట తాటికమ్మలు అడ్డం కట్టారు.

సాయంత్రం తాత వాచిన పాదానికి పసుపు పట్టించుకుని నన్ను పిలిచాడు. దెబ్బలు తినడానికే పోయాను.

"పెట్టిన పొద్దే చెప్తే చేత్తోటి తీసేద్దుము బిడ్డా, మళ్ల పెడుదుము. ఆరినంక గడ్డపార గావాల్సొచ్చింది. ఇంకో నాలుగు దినాలయితే..." తొట్టెల వైపు చూశాడు. "నేను గూడ తడిమి సూడాల్సుండె. సూడలే. మీ అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ తర్వాత తాత ఎవరి ఇంటికి గోడ పెట్టినా, పొద్దుగూకి చేతులు కడుక్కునే ముందు పనివాళ్లందరినీ అడిగేవాడు. "తడి ఆరలే, ఎవలన్న ఏమన్న చెప్పేదుందా?" ముందు తన తప్పు తనే చెప్పేవాడు. తప్పు చేయని రోజు కూడా ఏదో ఒకటి కల్పించుకుని చెప్పేవాడని నాకు అనుమానం. అట్లా మొదలుపెడితేనే మిగతావాళ్లకు నోరు పెగిలేది.

ఇప్పుడు మా మనవరాలు జగిత్యాల అవతల ఒకాయనకు మట్టిగోడల ఇల్లు కట్టిస్తోంది. పైన సోలారు పలకలు, లోపల ఏసీ లేకుండానే చల్లదనం. దీన్ని గ్రీన్ బిల్డింగ్ అంటారట. మేం కట్టుకున్నప్పుడు దాన్ని బీదతనం అన్నారు. మొన్న నన్ను ఆటోలో తీసుకుపోయి చూపించింది. నా చెయ్యి ఊరుకోదు, గోడలన్నీ కొట్టి చూశాను. పొద్దుగూకాక తాత అడిగినట్టే అడిగాను. ఎవరూ పలకలేదు. అప్పుడు నా గంపెడు గడ్డల సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. మా మనవరాలు నవ్వలేదు. "అమ్మమ్మా, కింద వరుస ఆరకముందే ఇయ్యాల పై వరుస ఏయించిన. ఓనరు తొందర వెట్టిండు" అంది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అందరం కలిసి చేతులతోనే తీసేశాం.

తాత చెప్పినట్టే ఆ సాయంత్రం అమ్మకు గోడ సంగతి చెప్పాను. తేలు సంగతి మాత్రం చిన్నదే కదా అని వదిలేశాను. అమ్మ దాన్ని వదల్లేదు. కోరుట్లలో తమ్ముడు కట్టుకున్న సిమెంటు ఇంట్లో కూడా, నా పిల్లల్ని గానీ వాడి పిల్లల్ని గానీ పడుకోబెట్టే ముందు దీపం పట్టుకుని మూలలు వెతికేది. "గప్పుడు నా బిడ్డ తేలును చూసింది గావట్టి నా కొడుకు బతికిండు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే అమ్మ పోయింది.

ఇప్పుడు ఇంట్లో పసివాణ్ని పడుకోబెట్టే ముందు టార్చి వేసి మూల చూసేది నేనే. అక్కడ తేలు ఎప్పుడూ లేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.