పెంటయ్యకు పడని వంటలు

నల్లగొండ జిల్లాలో పండే ఏ గింజా మా పెంటయ్య కడుపుకు పడదని హైదరాబాదు డాక్టర్లు బోర్డు రాయించి రైస్ మిల్లు గేటుకు వేలాడదీశారు. సరే, బోర్డు లేదు. డాక్టర్లూ లేరు. కానీ ఏ వంట పేరెత్తినా ఆయన "నాకు పడదు" అనడం మాత్రం నిజం. ఒకసారి మంచినీళ్లిస్తే, సాగర్ కాలువవైతే పడతాయి, బోరువి పడవు అన్నాడు.

మిర్యాలగూడలో ఆ మిల్లు వెనకే మా వాడ. రిటైరైన టీచరమ్మ రూతమ్మ ప్రతి క్రిస్మస్‌కూ పెద్ద డేగిసలో ఒకే వంటకం చేసి వాడంతటికీ పెడుతుంది. ఏం వండాలో ముందురోజు మా అరుగు మీద కూర్చుని తేలుస్తాం. అంటే, పెంటయ్య తేల్చనిస్తే.

2010లో క్రిస్మస్ శనివారం వచ్చింది. రూతమ్మ కొత్త కోడలు సంతోషికి అత్తగారింట్లో అదే మొదటి పండుగ. రూతమ్మ మహా హుషారుగా ఉంది.

"ఈసారి కోడి బిర్యానీ!" అంది.

"శనివారం నేను నీసు ముట్ట, చెల్లె," అన్నాడు పెంటయ్య.

నాకు నవ్వాగలేదు. సరిగ్గా అంతకుముందు శనివారమే కోదాడలో ఒక పెళ్లిలో ఈయన మటన్ బొక్కలు జుర్రి, మీదికి గారెలు, జిలేబీ లాగించడం కళ్లారా చూశాను. అయినా ఆ ముచ్చట మర్నాటికి దాచుకున్నాను. పండుగనాడు అందరి ముందూ పరువు తీస్తే ఆ మజా వేరు.

"పోనీ, గారెలు?"

"గట్టిగుంటయ్. పండ్లు కదులుతున్నయ్."

"సేమియా పాయసం?"

"చెక్కెర పడదు."

"అన్నా, ఇది పండుగనా, దవాఖాననా?" రూతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొత్త కోడలికి ఇగ ఏం పెట్టాలె?"

"పెసరపప్పు కిచిడీ పెట్టు. మెత్తగ, నెయ్యి దండిగ పోసి."

"క్రిస్మస్‌కు కిచిడీనా!"

"యేసు ప్రభువు వద్దన్నడా?"

రూతమ్మ కళ్లు తుడుచుకుని, పెసరపప్పు కొలవడానికి లేచింది.

మర్నాడు అందరం బంతిలో కూర్చున్నాం. నేను గొంతు సవరించుకున్నాను. "ఇగ వినుండ్రి, మొన్న కోదాడల ఏం జరిగిందంటే..."

అంతలో సంతోషి నా విస్తట్లో నెయ్యి వేస్తూ చెవి దగ్గరికి వంగింది.

"తాతా, నాకు ఏడు శనివారాల మొక్కున్నది. కోడి తిననని అత్తమ్మకు ఎట్ల చెప్పాల్నో తెల్వక మా అమ్మతోని ఫోన్ల ఏడ్సిన. పెంటయ్య తాత అడ్డం పడకుంటే ఇయ్యాల ఏమైతుండెనో!"

మా వాడలో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ దొరికేది ఒక్కచోటే. పెంటయ్య కిటికీ కింద.

నేను బంతి వైపు చూశాను. పోయిన నెల పండ్లు పీకించుకుని, నలుగురిలో తినడానికే సిగ్గుపడుతున్న సత్తెమ్మ మూతికి అడ్డం కొంగు తీసేసి ముద్ద మీద ముద్ద మింగుతోంది. షుగర్ వచ్చిందని పెంటయ్యకూ నాకూ తప్ప భార్యకు కూడా చెప్పని నర్సయ్య, మారు అడిగి పెట్టించుకుంటున్నాడు. మటన్ బొక్కలను పిండి చేసిన ఆ పెంటయ్య మాత్రం, దవడ నొప్పి ఉన్నవాడిలా ముఖం పెట్టి కిచిడీ నములుతున్నాడు.

"కోదాడల ఏమైందన్నా?" అంది సత్తెమ్మ.

"ఏముంది? గాడ సలి జర తక్కువున్నది."

డేగిస ఖాళీ అయింది. రూతమ్మ అడుగు గీకి చూసి, పెద్దగా ఊపిరి వదిలి నవ్వేసింది. "బిర్యానీ వండిననాడు గూడ గిట్ల ఖతం కాలే!" పక్కనే సంతోషి, పండుగ మొదలైనప్పటినుంచీ మొదటిసారి, కుదురుగా కూర్చుని, రెండోసారి వడ్డించుకున్న కిచిడీ తింటోంది.

ఇదంతా రాసి మొన్న పెంటయ్యకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అన్నీ అబద్ధాలే," అన్నాడు. "కోదాడల నువ్వు సూసింది నన్ను కాదు, నా లెక్క ఉండేటోడెవన్నో. ఇగ ఆ పిల్ల మొక్కంటవా, నేను ఇప్పుడే ఇంటున్న."