నా ఒక్కదానికి సడలని రూలు

లోకమంతా మాస్కును తిట్టుకుంటూ బతికిన రోజుల్లో దాన్ని పెట్టుకుని సుఖపడిన మనిషిని నేను. ఈ మాట ఎవరితో అన్నా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. జనం పిట్టల్లా రాలిపోతుంటే నీకు సుఖమేందే అంటారు. అనండి. నా మూతి చుట్టూ, గడ్డం మీద పద్నాలుగో ఏట నుంచి తెల్లమచ్చలున్నాయి. బొల్లి. ఇది అంటుకునే జబ్బు కాదని కర్నూలులో చర్మం డాక్టరమ్మ మా అమ్మకు ఒకటికి మూడుసార్లు చెప్పింది. మా అమ్మకు అర్థమైంది. మిగతా జిల్లాకంతా ఎవరు చెప్పాలి?

మాది మగ్గం నేసే ఇల్లు. పోగులు ఎంచీ ఎంచీ చిన్నప్పుడే నాకు లెక్కలు నోటికి వచ్చేశాయి. ఏం లాభం? కడపలో బట్టల షాపులో చేరితే నన్ను గిరాకీలకు కనపడకుండా వెనక గోడౌన్లో కూర్చోబెట్టారు. ఎనిమిదేళ్లు ఆ చీకటి కొట్లో చీరలు మడతబెట్టాను.

తర్వాత కరోనా వచ్చింది. ఎర్రగుంట్ల రోడ్డులో జెయింట్ వీలూ, నీళ్ల జారుడుబల్లలూ ఉండే పెద్ద పార్కు ఒకటి కొన్నాళ్లు మూతబడి మళ్లీ తెరుస్తూ టికెట్లు ఇచ్చేదానికి మనిషి కావాలంది. అందరిలాగే నేనూ మాస్కు పెట్టుకుని వెళ్లాను. మేనేజరు నాలుగు లెక్కలు అడిగాడు. టపటపా చెప్పేశాను. "శానా చురుగ్గా ఉండావే! రేపట్నుంచి కిటికీలో కూర్చో" అన్నాడు.

కిటికీ! నా బతుకులో నన్ను ఒకరు ముందు కూర్చోమనడం అదే మొదలు. పిల్లలు "టికెట్టక్కా" అని పిలిచేవాళ్లు. ఆడవాళ్లు నా కళ్లలోకి చూసి మాట్లాడేవాళ్లు. అంతకు ముందు అందరి చూపూ నేరుగా మూతి మీదికే వచ్చి పడేది.

మాస్కు లేనిదే లోపలికి వదలం అని బోర్డు పెట్టినందుకు జనం చేసిన రభస అంతా ఇంతా కాదు. "ఏమ్మా, దుడ్లిచ్చి ఊపిరాడకుండా చావల్నా?" అని కర్నూలు పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా మీద ఎగిరాడు. ఒక కుటుంబమైతే ఆరుగురికీ ఒకటే మాస్కు. ముందు తండ్రి పెట్టుకుని గేటు దాటేవాడు, ఊచల సందులోంచి వెనక్కి ఇచ్చేవాడు, దాన్నే తల్లి పెట్టుకునేది, తర్వాత పిల్లలు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒకరోజు పొద్దున బోర్డు మార్చారు. మాస్కు తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చు అని. అబ్బబ్బ, ఆ రోజు సంబరం చూడాలి! కాలేజీ పిల్లలు మాస్కులు పీకి గాల్లోకి విసిరారు. గేటు దగ్గరి సిమెంటు ఏనుగు తొండానికి ఎవరో ఒకటి తగిలించారు. వాళ్ల ఆనందం చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. నేను మాత్రం నాది తీయలేదు. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చని రాశారు కదా, నాకు ఇష్టం.

పది రోజులకు మేనేజరు పిలిచాడు. "స్టాఫు మొగాలకు మాస్కులుంటే రోగం ఇంకా పోలేదనుకుంటారమ్మా జనాలు. అందరూ తీసేయండి. కొంచెం నవ్వుతా ఉండండి."

"నేను పెట్టుకుంటా సార్."

"నీకేమన్నా వేరే రూలా?"

తీశాను. ఆయన నా ముఖం చూశాడు, గబుక్కున చూపు తిప్పుకుని టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాడు. "ముందే చెప్పుంటే బాగుండు కదమ్మా" అన్నాడు. ఏం చెప్పాలి? లెక్కలడిగాడు, చెప్పాను.

వెళ్లి కిటికీలో కూర్చున్నాను. మొదట వచ్చినామె టికెట్లను పైటకొంగుతో పట్టుకుంది. పక్కనున్న కూతురు చెయ్యి చాపితే "ముట్టుకోవాకు పాపా" అని చేతి మీద ఒక్కటేసింది. తర్వాత ఇంకొకాయన నన్నే అడిగాడు, "ఇది అంటుకుంటాదామ్మా?" అని. ఆయన మూతికి మాస్కు లేదు. ఆయన వెనకాల వరసలో ఒకడు ఖళ్లు ఖళ్లుమని దగ్గుతున్నాడు. వాడి దగ్గర నుంచి ఒక్కరూ పక్కకు జరగలేదు.

సాయంత్రానికల్లా ఫిర్యాదులు పోయాయి. మేనేజరు నా కిటికీ వెనక తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వొక్కదానివి మాస్కు పెట్టుకోమ్మా."

"రూలు లేదు కద సార్."

"నీకు ఉండాదనుకో."

ఒళ్లు మండిపోయింది. పొద్దున నా చేత తీయించింది ఈ నోరే కదా! ఇంటికి పోయి మా ఆయనతో చెప్పాను. ఆయన సిమెంటు లారీ తోలుతాడు. పెళ్లి రోజు నుంచి ఇంతవరకు నా మచ్చల గురించి పల్లెత్తు మాట అనలేదు. ఆయన కూడా అన్నం కలుపుకుంటూ "ఏసుకుంటే ఏం పోతాది మే?" అన్నాడు. ఆ మాటకు ఏడ్చినంతగా పార్కులో వాళ్ల మాటలకు ఏడవలేదు.

నేను పెట్టుకోలేదు. మొండికేశాను. మూడు రోజులు ముఖం కప్పకుండా కిటికీలో కూర్చున్నాను. మా కడప ఎండ సంగతి చెప్పేదేముంది, తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. పక్క కిటికీ ముందు వరస రేకుల నీడ దాటి ఎండలోకి పెరిగిపోయింది. చంటిబిడ్డల తలలకు తుండుగుడ్డలు కప్పి ఎండలోనే నిలబడ్డారు గానీ, ఖాళీగా ఉన్న నా కిటికీకి మాత్రం ఎవరూ రాలేదు. "రండమ్మా, ఈడ ఖాళీ ఉండాది" అని పిలిచీ పిలిచీ నా గొంతు పోయింది.

నాలుగో రోజు నా కిటికీలో ఇంకో అమ్మాయి ఉంది. నన్ను వెనక షెడ్డులోకి పంపారు. నీళ్లలో ఆడేవాళ్లకు పార్కే ఈత బట్టలు బాడుగకిస్తుంది, తడిసి తిరిగొచ్చినవాటిని ఉతికి, పిండి, ఆరేసి మడతబెట్టాలి. మళ్లీ మడతలే. మానేసి పోతే ఇంకెక్కడైనా ఇంతకంటే ముందు కూర్చోబెట్టేవాళ్లెవరని ఉండిపోయాను. అడగాల్సింది మాత్రం అడిగాను.

"సార్, నా చేతి టికెట్టు ముట్టుకుంటే అంటుకుంటాదని కదా వాళ్ల భయం. నేను పిండిన బట్టలు ఒంటికి తొడుక్కుంటే అంటుకోదా?"

"వాళ్లకు నువ్వు కనపడవు కదమ్మా" అన్నాడాయన. వెటకారానికి కాదు, నన్ను ఓదార్చడానికే అన్నాడు.

ఆ ఎండాకాలమంతా, చెయ్యి చాపిన కూతుర్ని కొట్టే తల్లులూ, అంటుకుంటాదా అని అడిగే పెద్దమనుషులూ నా చేతులతో పిండిన బట్టలే ఒంటికి తొడుక్కుని నీళ్లలో కేరింతలు కొట్టారు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.