జనానికి వీపు పెట్టి పాడిన నలుగురం

ఆ రోజుల్లో వాయిద్యాలు లేకుండా పాడితే ఎవరూ కళ అనలేదు, దిక్కులేనితనం అన్నారు. మొన్న మా మనవరాలు ఫోన్లో నలుగురు తెల్లోళ్లను చూపించింది. డోలు, బూర అన్నీ నోటితోనే వాయిస్తూ పాడుతున్నారు. "తాతా, గిది కొత్త స్టైల్" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ స్టైల్ మా నేతగాళ్ల కొత్తవాడలో ఎప్పుడో పుట్టి, ఒకే ఒక్క పెళ్లిలో చచ్చింది. చంపిన నలుగురిలో నేనొకణ్ణి.

పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం ముందు నలుగురు వరసగా కూర్చోవాలి. మా బావ (అక్క మొగుడు, కాగులాంటి పొట్ట) గొంతులోంచి డుం డుం అనేవాడు. పక్కింటి చిచ్చా ముక్కుతో షెహనాయి ఊదేవాడు. మా చిన్నాయన కొడుకు చిక్ చిక్ అంటూ డోర్నకల్ రైలు నడిపేవాడు. పాట నాది. దారాన్ని కిందికి దిగ్గొట్టే ఇనుప పంజాలు నాలుగూ ఒక్కసారే పడేవి, అదే మా తాళం. వాడంతా పని ఆపి వినేది (మా సేటుకు ఒళ్లు మండేది అందుకే). ఆ వాడలోనే ఒక పిల్లను చేసుకోవాలని నాకు ఆశ. పిల్లకు ఇష్టమే, వాళ్ల నాయనే మొండి. "రేపు పాటలెంబడి ఊర్లు తిరిగేటోనికి పిల్లనియ్య. మా అన్న బిడ్డ పెండ్లిల పాడున్రి. జూసి చెప్త" అన్నాడు. బాగా పాడితే కరుగుతాడని నేను లెక్కేసుకున్నాను. "ఫికర్ జేయకు బేటా, పిల్ల మనదే" అన్నాడు చిచ్చా.

పెళ్లి పందిట్లో స్టేజీ ఎక్కాం. ముందు వరసలో ఆయన, ఆడవాళ్ల వైపు ఆ పిల్ల. నోరు తెరిచాను, పల్లవి రాలేదు. నేసేటప్పుడు మా కళ్ల ముందు నిలువు దారాలే తప్ప మనిషి మొహం ఉండేది కాదు మరి. పంజా లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బావ పొట్టమీద పెట్టుకున్నాడు. డుం ఒకవైపు, రైలు ఒకవైపు పోయాయి. షెహనాయి ముక్కులోనే ఆగిపోయింది. "ఏందిరా, పెండ్లా సావా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. బావ నా చెవిలో గొణిగాడు.

"బామ్మర్ది, మగ్గం దిక్కు తిరుగుదాం."

"మగ్గమేడున్నది బావా?"

"పరదా ఉన్నది గద."

నలుగురం గిర్రున తిరిగి, జనానికి వీపు పెట్టి, పరదా ముందు వరసగా కూర్చున్నాం. పిడికిళ్లతో స్టేజీ చెక్కల్ని దిగ్గొట్టాం. పాట వచ్చేసింది. అంత బాగా నేను మళ్లీ ఎన్నడూ పాడలేదు. వెనక జనం పడీ పడీ నవ్వుతుంటే, మెచ్చుకుంటున్నారని ఇంకో రెండు పాటలు ఎక్కువ పాడాం.

దిగగానే పిల్ల నాయన ఎదురొచ్చాడు. "ఎట్లున్నది మామా?" అన్నాను. "పెండ్లికొచ్చి ఈపు జూపెట్టేటోళ్లను యాడ జూడలే. ఇగ మిమ్ముల ఏ పెండ్లికీ పిలువరు పిలగా" అన్నాడు. నేను పక్కకు తప్పుకోబోతే భుజం పట్టి ఆపాడు. "గందుకే పిల్లనిస్తన్న. ఇగ మగ్గం ఇడిచి యాడికి పోతవ్?"

ఆయన అన్నట్టే ఎవరూ పిలవలేదు, నేనూ ఎటూ పోలేదు. ఫోన్ చూపించిన రోజు మనవరాలు పాడమంది. నోరు తెరిస్తే పల్లవి రాలేదు. "అటు గోడ దిక్కు తిరుగు, అప్పుడొస్తది నీకు" అంది మా ముసలిది. తిరిగాను, వచ్చింది. బావ పోయి చాలా ఏళ్లయింది, డుం ఎవరంటారని తడుముకుంటుంటే వెనక నుంచి సన్నగా డుం డుం వినిపించింది. మా ముసలిదాని గొంతే. తిరిగి చూడలేదు. చూస్తే పాట పోతుంది.