కప్పు మీది ఎర్ర గుర్తు

ఎన్నో ఊళ్ళు తిరిగాను. బోర్డులు రాసేవాళ్ళందరిదీ ఒకటే ధోరణి: రాసింది రోడ్డు మీద పోయేవాడి కంట పడాలి. అందుకే ఈ పెయింటరు చేసిన పొరపాటు నాకు వింతగా తోచలేదు.

యుద్ధం వచ్చి కొట్లు మూతబడ్డాక అతనికి దొరికిన పని ఒక్కటే. సహాయ సంస్థవాళ్ళు రంగు డబ్బాలిచ్చి, ఆస్పత్రికి ఎర్ర సిలువ గుర్తు వేయమన్నారు. అతను వీధివైపు గోడ మీద, నీడ గీతలతో సహా, ముచ్చటగా వేశాడు. కాలికి కట్టుతో వరండాలో పడి ఉన్న నేను మెచ్చుకున్నాను కూడా. డాక్టరమ్మ నవ్వలేక నవ్వింది.

“మన గిరాకీ రోడ్డు మీద లేదు నాయనా, విమానాల్లో ఉంది.”

మళ్ళీ నిచ్చెనెక్కి, బాంబులు వేసేవాళ్ళకి పైనుంచి కనబడేలా కప్పు నిండా వేశాడు. సగం డబ్బా మిగిలింది.

ఆస్పత్రి వెనక సందులో అతని అక్క ఉంటుంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. భర్త మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. కదిపితే ఊపిరి అందదు. అందుకే వాళ్ళు ఊరు వదల్లేదు. తమ్ముడు డబ్బా పట్టుకుని భోజనానికి వెళితే ఆవిడ కన్ను డబ్బా మీద పడింది.

“ఆ మిగిలింది మా కప్పు మీద కొట్టరా.”

“కుదరదక్కా. ఆస్పత్రులకే వెయ్యాలి. రోగులుండే చోటు.”

“మీ బావేమన్నా కుస్తీలు పడుతున్నాడా?”

మంచం మీద బావ నవ్వబోయి దగ్గాడు.

“ఒక్క ఇంటికి వేస్తే రేపు వీధంతా వేసుకుంటారు. అప్పుడు విమానంలో వాడు దేన్నీ నమ్మడు. అక్కడ నలభై మంచాలున్నాయక్కా.”

“ఇక్కడొకటుంది,” అంది అక్క.

అతను సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. డబ్బా తెచ్చి స్టోరులో అప్పజెప్పి, నా పక్కన కూలబడి ఇదంతా చెప్పాడు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. బయట మిగిలిన కాళ్ళు ఎవరివో చెప్పలేదు.

మర్నాడు పొద్దున, ఆస్పత్రిలో తను పడుకునే మూల నుంచి పక్క చుట్టుకుని బయల్దేరాడు. కుంటుకుంటూ నేనూ వెళ్ళాను.

“పైన గుర్తున్న చోటు వదిలి ఇక్కడికెందుకురా?” అంది అక్క, గుమ్మంలోనే.

“అక్కడ కూర బాగుండదు.”

బావ మంచం పక్కన చాప పరిచాడు. ఆవిడ చాప అంచు పట్టుకుని లాగింది.

“కిటికీ కింద వద్దు, ఇటు జరుగు.”