పళ్ళెం అడుగున చుక్కలు

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు కోసి పంపిన మనిషికి పలక అక్కర్లేని పిల్ల పుట్టింది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. బడిలో వేద్దామంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. నాయన ఎవరి మాటా వినకుండా నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని, చూపులేని పిల్లల కోసం ప్రభుత్వం నడిపే హాస్టలు బడిలో దించి వచ్చాడు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపుకు పక్క పొలాల్లో కలుపు తీసేవాళ్ళు పరిగెత్తుకొచ్చారట.

ఆ బడిని ఈ ఏడు మూసేశారు. పిల్లలు తగ్గిపోయారు, ఉన్న కొద్దిమందిని దూరంగా ఉన్న పెద్ద బడిలో కలుపుతామన్నారు. ఆ కబురు విని నాకు ఒళ్ళు మండింది. గిద్దలూరులో నేను పాఠాలు చెప్పే క్లాసులో ఆ పూట ఎవరూ కిక్కురుమనలేదు. ఆఖరి రోజు భోజనానికి పాత పిల్లలను కూడా రమ్మంటే, ఆ కోపంతోనే బస్సెక్కాను.

బడి వంటింట్లోకి పోగానే నా చెయ్యి పళ్ళేల దొంతి మీదికి పోయింది. ఆ పళ్ళేల సంగతి చెప్పాలి. ఇళ్ళల్లో స్టీలు సామాను మీద పేర్లు కొట్టించుకుంటాం కదా, మాకూ అట్లా ఉండాలని వాచ్‌మన్ తాతకు బుద్ధి పుట్టింది. మా సార్‌ను అడిగి మేము వేళ్ళతో చదివే చుక్కల అక్షరాలు నేర్చుకున్నాడు. సెలవు రోజు మేకూ సుత్తీ పట్టుకుని కూర్చుని అందరి పేర్లూ కొట్టాడు. కాకపోతే లోపలివైపు నుంచి కొట్టాడు. చుక్కలు పళ్ళెం అడుగువైపు పొడుచుకొచ్చాయి.

సాంబారన్నం వడ్డించాక, మీ పేరు ఉందో లేదో చూసుకోండని తాత సంబరంగా కేకేశాడు. అంచులన్నీ తడిమాం, ఏమీ తగల్లేదు. అడుగున ఉందేమోనని ఒకరి తర్వాత ఒకరం పళ్ళెం ఎత్తి వంచాం. సాంబారంతా ఒళ్ళో పడింది. వంటామె తాతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మేము మాత్రం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత అడుగునే బాగుందనిపించి ఎవరూ మార్చలేదు. కొత్త పిల్ల చేరితే ముందు పళ్ళెం అడుగున పేరు పడేది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరైనా పళ్ళెం చేతికిస్తే నా వేళ్ళు అడుగున వెతుకుతాయి.

ఇంట్లో అమ్మ నాకు ముద్దలు కలిపి పెట్టేది. ప్రేమే, కాదనను. కానీ నా పళ్ళెం నేను తీసుకోవడం, నా అన్నం నేను కలుపుకోవడం ఆ బడిలోనే నేర్చుకున్నాను. చదువు ఆ తర్వాత వచ్చింది. ఎన్ని జన్మలెత్తినా ఆ రుణం నేను తీర్చలేను.

ఆఖరి రోజు నా పక్కన పామూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుంది. కూలికి పోయే మనిషి. ఎనిమిదేళ్ళ కూతుర్ని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిందట. కొత్త బడికి రైలెక్కి పోవాలి కాబట్టి ఇక పంపదట. సార్ నచ్చజెప్పాడు, వార్డెన్ నచ్చజెప్పింది. నేనూ నా ఉద్యోగం గురించి గొప్పలు చెప్పాను. ఆమె అంతా విని మెత్తగా అన్నది.

"నువ్వు గట్టిదానివిలే అక్కా. మా పాప ముద్ద కలిపి నోట్లో పెడితేనే తింటది. అంత దూరాన ఎవురు పెడతారు?"

నా కోపమంతా భయమైపోయింది. ఆ పిల్ల ఇప్పుడు ఇంటికి పోతే ఇక ఏ బడి గడపా తొక్కదు. ఆ ఇంట్లో మా నాయన లాంటి మొండివాడు ఉన్నట్టు లేడు.

అంతలో భోజనాల గంట కొట్టారు. పాపకు అన్నం తెద్దామని తల్లి లేవబోయింది. అప్పటికే పాప దొంతి దగ్గరుంది. ఒక పళ్ళెం తీసి పక్కన పెట్టిన చప్పుడు, ఇంకొకటి పెట్టిన చప్పుడు. తర్వాత "ఇది నాది" అన్నది. అడుగున చుక్కల్లో పేరుంటుందని తల్లికి చెప్పాను. వడ్డించుకుని, గోడ వెంబడి నడిచొచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. పప్పూ ఆవకాయా కలిపిన వాసన వచ్చింది. పాప గబగబా తింటోంది. అవతలి పక్క తల్లి గాజుల చప్పుడు ఆగిపోయింది. తిన్నాక పాప కుళాయి కింద పళ్ళెం కడిగి, దొంతిలో పెట్టి, ఆడుకోవడానికి పోయింది.

ఆ తల్లి నా పక్కకు జరిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ కొత్త బడిలో గూడా పళ్ళేల కింద పేర్లుంటాయా?"

తెలియదన్నాను. ఆమె లేచి వార్డెన్‌ను ఏదో అడిగి, దొంతి దగ్గరికి పోయింది. పళ్ళేలు ఒకటొకటిగా తీసి పెడుతోంది. అన్నీ ఒకేలాగా ఉన్నాయని గొణుక్కుంటోంది. చివరికి వరండాలోకి వచ్చి కూతుర్ని పిలిచింది.

"ఇట్ల రా అమ్మా, నీ పళ్ళెం ఏదో నాకు తెలియడంలా. నువ్వే తీసి సంచిలో పెట్టుకో. రైల్లో పోవాలగదా."