ఆటస్థలం కింద ఏముంది

1961 వేసవిలో నన్ను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గు గనికి సర్వేయర్‌గా వేశారు. అంతకు ముందు అసిస్టెంటుగా కొలత గొలుసు పట్టించడం, నేల ఎత్తులు లెవెల్ పుస్తకాల్లో రాయడం తప్ప సొంతంగా సంతకం పెట్టిన పని లేదు. గనిలో సర్వేయర్‌ది పెద్ద హోదా ఏమీ కాదు. మేనేజర్, ఆయన కింద అండర్ మేనేజర్, ఆ తర్వాత ఓవర్‌మన్లు ఇలా ఒక వరుస ఉంటుంది. సర్వేయర్ ఆ వరుసకు కాస్త పక్కగా నిలబడతాడు. కానీ భూమి లోపల ఎక్కడ తవ్వారు, దాని పైన ఏముంది అన్న విషయంలో మాత్రం అతని సంతకం కావాలి. ఆ సంతకం ఎంత బరువో నాకు చేరిన కొద్ది వారాలకే తెలిసింది.

కార్మికుల లైన్లకూ గనికీ మధ్య బొగ్గు టబ్బుల పట్టాలుండేవి. టబ్బు అంటే చక్రాలున్న ఇనుప తొట్టి. వీటిని వరుసగా ఇనుప తాడుకు తగిలించి ఇంజనుతో లాగుతారు. లైన్లలో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి, వాకిలి అన్నది లేదు. పిల్లలకు ఖాళీ జాగా అంటే ఆ పట్టాలే. ఒక మధ్యాహ్నం వదులుగా పడి ఉన్న తాడు ఒక్కసారిగా బిగిసి పైకి లేచింది. పట్టాల మధ్య కూర్చుని గచ్చకాయలు ఆడుతున్న సరోజ అనే ఆరేళ్ల పిల్ల కాలికి తగిలి ఎముక విరిగింది. తండ్రి కొమురయ్య లోపల బొగ్గు నింపే పనిలో ఉన్నాడు. తల్లి రాజవ్వ పిల్లను దవాఖానలో చేర్చి, నేరుగా గని గేటు దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. సాయంత్రానికి లైన్ల ఆడవాళ్లంతా ఆమె పక్కన చేరారు.

మేనేజర్ గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయనే గేటు దగ్గరికి నడిచొచ్చి, వానలు ముదిరేలోపు పిల్లలకు వేరే ఆటస్థలం ఏర్పాటు చేయిస్తానని మాటిచ్చారు. తర్వాత నన్ను పిలిచి స్థలం చూడమన్నారు. నిజానికి చూడాల్సిన పని లేదని అందరూ అనుకున్నారు. లైన్ల వెనకే విశాలమైన చదును నేల ఉంది, నాలుగు వేప చెట్లున్నాయి. వర్క్‌షాపులో ఊయల స్తంభాలు, జారుడు బల్ల అప్పుడే అతికిస్తున్నారు. ఆ నేల వాడుకోవచ్చని నేను రాసి ఇవ్వడమే మిగిలింది.

అది నా చేత కాలేదు. కారణం చెప్పాలంటే బొగ్గు ఎలా తీస్తారో కొంచెం చెప్పాలి. లోపల బొగ్గు పొరలో దారులు తవ్వుకుంటూ పోతారు. మధ్యలో చతురస్రాకారంలో బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. వాటిని పిల్లర్లంటాం. పైకప్పును మోసేవి అవే. ఆ చదును నేల కింద, చాలా తక్కువ లోతులో, నా కంటే ఎంతో ముందు పనిచేసినవాళ్లు బొగ్గు తీశారు. పిల్లర్లు సన్నగా వదిలారు. అప్పటి పద్ధతి అదే, ఎవరినీ తప్పుపట్టలేం. తర్వాత అందులోకి నీళ్లు చేరాయి. నీళ్లలో నానిన పిల్లరు ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పే లెక్క నా దగ్గర లేదు. నిలిస్తే అది మామూలు మైదానమే. నిలవకపోతే హెచ్చరిక లేకుండా పైనేల బావిలా కిందికి దిగిపోతుంది.

నేల మీద ఇనుప కడ్డీలు పాతించి, డంపీ లెవెల్ అనే పరికరంతో వాటి ఎత్తులు తీశాను. కొన్నాళ్లాగి మళ్లీ తీశాను. రెండు కడ్డీల దగ్గర తేడా కనిపించింది. అయితే అది వెంట్రుకవాసి తేడా. నేల కుంగినా అంతే వస్తుంది, నా చేయి వణికినా అంతే వస్తుంది. మళ్లీ తీస్తే ఒకటి సరిపోయింది, ఒకటి సరిపోలేదు. వాన మొదలైంది. నీళ్లు ఇంకేకొద్దీ కిందేమవుతుందోనని ఆఫీసులో కూర్చుంటే కాలు నిలిచేది కాదు. భోజనం మధ్యలో లేచి వెళ్లి ఆ నేల చుట్టూ తిరిగొచ్చిన రోజులున్నాయి.

పిల్లలు నా సంతకం కోసం ఆగలేదు. ఆటస్థలం అక్కడేనని పెద్దలు చెప్పుకోవడం విని అప్పుడే అక్కడ చిర్రగోనె, అంటే బిళ్లంగోడు, ఆడుతున్నారు. ఒకరోజు నేను వాళ్లను తరిమేస్తుంటే రాజవ్వ నీళ్ల బిందె దించి నా ముందుకొచ్చింది.

“సారూ, పట్టాల కాడ ఆడితే తాడు తగులుతదంటిరి. గీడ ఆడితే భూమి కుంగుతదంటున్నరు. మరి మా పోరగాండ్లు యాడ ఆడాలె?”

నాది పెద్దపల్లి దగ్గరి ఊరు. ఆమె మాటలోనే జవాబిచ్చాను. “చూస్తున్న రాజవ్వా. ఇంకా దొరకలే.”

“మీ ఆఫీసు కాడ, బంగళాల కాడ భూమి కుంగదా?”

“గాడ కుంగదు.”

ఎందుకు కుంగదని ఆమె అడగలేదు. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

అడిగి ఉంటే చెప్పడం కష్టమయ్యేది. గనిలోకి నిలువుగా దిగే మార్గాన్ని షాఫ్ట్ అంటారు. అది ఒరిగిపోకుండా దాని చుట్టూ కొంత మేర బొగ్గు ముట్టుకోకుండా వదలాలి. ఇంజన్ ఇల్లు, ఆఫీసు, మేనేజర్ బంగళా, ఆఫీసర్ల క్లబ్బు అన్నీ ఆ గట్టి నేల మీదే కట్టారు. ఆ చుట్టుపక్కల నేను ధైర్యంగా సంతకం పెట్టగల ఖాళీ జాగా ఒకటే ఉంది. అది క్లబ్బు టెన్నిస్ కోర్టు.

మర్నాడు పొద్దున మేనేజర్ గారి గదికి వెళ్లాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయమని రాయాల్సింది ఆయనే. అయినా వేప చెట్ల నేల మీద సంతకం పెట్టలేనని చెప్పాను.

“ఆ నేల కుంగుతుందని రాసివ్వగలరా?” అన్నారు.

“రాయలేనండి.”

“పోనీ, కుంగదని?”

“అదీ రాయలేనండి.”

“మరి ఆ జనానికి నన్నేం చెప్పమంటారు?”

అప్పుడు టెన్నిస్ కోర్టు సంగతి చెప్పాను. ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. ఆ రోజే పెద్ద ఆఫీసు సలహా కోరుతూ రాశారని తర్వాత తెలిసింది. వాళ్లు నేరుగా ఏమీ తేల్చలేదు. గనిలో ఉన్న సర్వేయర్ అభిప్రాయం ప్రకారం నడుచుకోవాలని జవాబిచ్చారు. అంటే మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆ వారంలో క్లబ్బులో ఎవరూ నన్ను పలకరించలేదు. లైన్లలో మాత్రం దొరల మాట విని పిల్లల జాగా ఆపించానని చెప్పుకున్నారు. రెండూ నా చెవిన పడ్డాయి. బదిలీ అయినా బాగుండునని అనుకున్నాను. కానీ బదిలీ అయితే నా తర్వాత వచ్చేవాడు సంతకం పెడతాడేమో అన్న భయం ఇంకోపక్క.

ఒకరోజు మేనేజర్ గారు నెత్తి దీపం పెట్టుకుని వచ్చి, “వేప చెట్ల కింది పాత పని చూపించండి” అన్నారు. షాఫ్ట్ వైపు నుంచి దారి లేదు. పాత ఇన్‌క్లైన్, అంటే ఏటవాలు దారి, గుండా దిగాం. గాలి బాగుందో లేదో చూడటానికి ఓవర్‌మన్ ముందు నడిచాడు. నీళ్లు మొదలయ్యే చోట ఆగాం. అక్కణ్నుంచి ముందుకు వెళ్లడానికి వీల్లేదు. దగ్గరి పిల్లరు మీద దీపం వేసి చూపించాను. మూలలు రాలి నడుము సన్నబడింది. అడుగున పెచ్చులు కుప్పగా పడి ఉన్నాయి. ఇదైనా కంటికి కనిపిస్తోంది, నీళ్లలో ఉన్నవాటి సంగతి నాకు తెలియదని చెప్పాను.

ఆయన మమ్మల్ని మాట్లాడొద్దన్నారు. ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చీకట్లో ఎక్కడో దూరంగా నీళ్లలో ఏదో పడింది. కాసేపటికి మళ్లీ పడింది, ఈసారి పెద్దది. నీటి అల మా బూట్ల దాకా వచ్చింది.

తిరిగి ఎక్కుతుండగా సగం దారిలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగి, “టెన్నిస్ కోర్టు చాలుతుందా?” అన్నారు.

“చాలుతుందండి” అన్నాను.

వారంలో నెట్టు తీసేశారు. ఊయలలు, జారుడు బల్ల అక్కడ పాతారు. ఆఫీసర్లు కొన్నాళ్లు గొణిగారు. పిల్లల గోలకు మేనేజర్ గారి ఇంట్లో మధ్యాహ్నం నిద్రపట్టడం లేదని కబురొచ్చేది. లైన్ల నుంచి దూరమని, రోడ్డు దాటాలని ఆడవాళ్లు కూడా సణిగారు. దానికి ఒక వాచ్‌మన్‌ను పెట్టారు. సరోజ కాలు అతుక్కుంది కానీ కొద్దిగా కుంటేది. కుంటుతోంది కదా అని ఊయల దగ్గర వరుసలో ముందుకు దూరుతుందని మిగతా పిల్లలు వాచ్‌మన్‌కు ఫిర్యాదు చేసేవారు. నా ఉద్యోగం ఆ ఏడాది చివర ఖాయమైంది.

వేప చెట్ల నేల చుట్టూ ముళ్లతీగ వేయించాను. అక్కడున్నన్నాళ్లూ నెలనెలా కడ్డీల ఎత్తులు తీశాను. నేను బదిలీ అయ్యేదాకా అది కుంగలేదు. ఆ తర్వాత కుంగినట్టు కూడా వినలేదు. అనవసరంగా కోర్టు పోగొట్టావని ఒకరిద్దరు సరదాగా అనేవారు.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఇది. సర్వేయర్ తనకు తెలియని చోట తెలియదనే రాయాలి. అదీ ఒక కొలతే. కానీ అంతటితో ఆగితే అతని పని సగమే అయినట్టు. వద్దన్న చోటికి బదులు మరో చోటు అదే కాగితం మీద చూపించాలి. చూపించకపోతే ఎంత గట్టి ముళ్లతీగ వేసినా పిల్లలు దాని కింద నుంచి దూరి లోపలికి వెళ్తారు.